గీత బయటి గురువులు వర్ధిల్లాలి

పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడానికి కోచ్ ఎందుకండీ? శుద్ధ దండగ! మైదానం గీత బయట నిలబడి గొంతు చించుకునే అమ్మానాన్నలు అంతమంది ఉండగా, మెడలో విజిల్ వేసుకున్న మనిషి ఒకరు వేరే కావాలా?

నవ్వకండి. హాస్యానికి చెప్పడం లేదు. మా వీధి చివరి మైదానంలో బెంచీ మీద కూర్చుని వారం వారం కళ్ళారా చూసి, చెవులారా విని మరీ రాస్తున్నాను. ఈ కాలం మనకిచ్చిన వరాల్లో గీత బయటి గురువును మించింది లేదు. జీతం అడగడు. సెలవు పెట్టడు. వానొస్తే గొడుగు వేసుకుని అరుస్తాడు. గొంతు పోతే చేతులతో అరుస్తాడు. ఇంత సేవ చేసేవాడిని పట్టుకుని ఈ మధ్య కొందరు “నోరు మూసుకోండి” అంటున్నారట! కలికాలం కాకపోతే ఏమిటి?

ముందు ఆ కోచ్ ఎంత అమాయకురాలో చెబుతాను, వినండి.

పిల్లలు ఆవిడను కోచమ్మ అంటారు. పక్కనున్నవాళ్ళకు వినపడితే చాలనుకునే గొంతు ఆవిడది. మైదానానికి అందరికంటే ముందొచ్చి, ఎర్ర ప్లాస్టిక్ కోన్లు పేర్చుకుంటూ పోతుంది. చూస్తుండగానే పచ్చగడ్డి కాస్తా గళ్ళ దుప్పటి అవుతుంది. పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పసుపు బనియన్లు తొడిగి ఆట మొదలుపెడుతుంది. దానికో రూలుంది. ఒకే జట్టు పిల్లలు ఇద్దరు ఒకే గడిలో నిలబడకూడదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారే, అదన్నమాట. ఇంకో రూలు, బాల్ కాలికందాక దాన్ని చంటిబిడ్డలా జోకొడుతూ కూర్చోకూడదు. తలెత్తి చూడాలి, ఖాళీ గడిలో మనవాళ్ళెవరున్నారో వాళ్ళకు పంపాలి, పంపి తను మరో ఖాళీ గడిలోకి పోవాలి.

“అందరూ బాల్ దగ్గరికే పోతే, బాల్ ఇవ్వడానికి ఎవరుంటారర్రా? దూరంగా నిలబడటం కూడా ఆటే,” అంటుంది కోచమ్మ.

విన్నారా? దూరంగా నిలబడటం కూడా ఆటేనట!

అయ్యా, మనకు కావలసిన వస్తువు కళ్ళెదురుగా దొర్లుతూ ఉంటే దానికి దూరంగా పొమ్మని పిల్లలకు ఎవరైనా నేర్పుతారా? బస్సు తలుపు దగ్గర మనమట్లా చేస్తామా? సేల్ పెట్టిన బట్టల షాపులో చేస్తామా? లోపలున్నవాళ్ళు దిగకముందే లిఫ్టులోకి దూరిపోయే జాతి మనది! తరతరాలుగా మీదపడి లాక్కుంటూ ఇంతవాళ్ళమయ్యాం. పుట్టుకతో వచ్చిన ఆ విద్యను, నాలుగు ప్లాస్టిక్ కోన్లు పెట్టి మాన్పిద్దామనుకుంటే అవుతుందా?

అదిగో, అక్కడే మన గురువులు రంగంలోకి దిగుతారు.

ఒకాయనకు డ్రైవింగ్ స్కూలుంది. ఆయన కొడుకు అడుగు తీసి అడుగేస్తే చాలు, “లెఫ్ట్! లెఫ్ట్! వెనకాల చూసుకో! స్లో! ఇప్పుడు లాగించు!” ఆ పిల్లాడు పాపం తన ఒంట్లో బ్రేకు ఎక్కడుందో తెలియక మధ్యలో ఆగిపోతాడు. పక్కనే కళ్ళ డాక్టరుగారు. ఆయన కూతురు పాస్ తప్పితే, “అంత పెద్ద బాల్ కనపడలేదా?” అని మైదానమంతా వినపడేట్టు కళ్ళ పరీక్ష పెట్టేస్తారు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ ఆయన. “రిస్కు తీసుకోరా! దూరెయ్!” అంటారు. దూరగానే, “ఒరేయ్ పడతావురా, జాగ్రత్త!” అంటారు. రెండు నాలుకలు కాదండీ, దాన్నే ఫుల్ కవరేజీ అంటారట.

ఇక నాలుగో గురువు మా అబ్బాయి. నా కడుపున పుట్టినవాడని చెప్పడం కాదు గానీ, ఆ మైదానంలో వాడి గొంతుకు సాటి లేదు. లిఫ్టులు బాగుచేస్తాడు. పగలంతా ఇనప తాళ్ళూ, గ్రీజూ, చీకటి గుంటలూను. ఆ పనిలో పలకరించడానికి మనిషి దొరకడు. అందుకని దాచుకున్న మాటలన్నీ తెచ్చి గీత బయట కుమ్మరిస్తాడు.

వాడి కూతుర్ని మేం మిరియం అంటాం. చూడటానికి గింజంత, కొరికితే తెలుస్తుంది ఘాటు. బాల్‌ను ఎవరైనా చూస్తారు, ఇది మాత్రం బాల్ లేని చోటును చూస్తుంది. చిన్నప్పుడూ అంతే. దాగుడుమూతలాడితే అందరూ మంచం కిందికి దూరేవాళ్ళు, ఇది మాత్రం ఎవరూ వెతకని చోట నడిగదిలో తలుపు వెనకాల నిలబడి నవ్వుకుంటూ ఉండేది. అట్లాంటి పిల్లకు గళ్ళాట దొరికితే ఏమవుతుంది? చేపకు చెరువు దొరికినట్టయింది. అందరూ ఒకచోట కుమ్ముకుంటూ ఉంటే, ఇది మూల గడిలోకి పిల్లిలా జారుకుని చెయ్యెత్తి నిలబడేది. బాల్ వచ్చేది. ఇచ్చేసి ఇంకో మూలకు పోయేది. కోచమ్మ కళ్ళతో నవ్వేది. ఇంటికొచ్చి ఆ పిల్ల వంటింటి గచ్చు మీద చెంచాలూ గిన్నెమూతలూ పేర్చి, “ఇది నేను నానమ్మా, ఇది వాడు, ఇక్కడ ఖాళీ ఉంది చూడు,” అని నాకు పాఠం చెప్పేది. కాలు పెట్టడానికి చోటు లేక మా కోడలు పోపు మాడబెట్టిన రోజులున్నాయి.

మరి మా వాడికి ఇదంతా ఎలా కనిపించిందంటారా? కూతురు ఆటలో లేకుండా మూలన నిలబడి దిక్కులు చూస్తున్నట్టు కనిపించింది.

“వెళ్ళు! బాల్ దగ్గరికి వెళ్ళు! అక్కడేం చేస్తున్నావ్, పూలు కోస్తున్నావా?”

తండ్రి ప్రేమండీ! ఎంత ప్రేమ లేకపోతే అంత దూరం వినపడుతుంది?

పిల్ల పరుగెత్తేది. గడిలో అప్పటికే ఒకరుంటారు కనక కోచమ్మ విజిల్ వేసేది. వెనక్కి పోయేది. “మళ్ళీ వెనక్కెందుకెళ్ళావ్?” అని తండ్రి. మళ్ళీ ముందుకు. మళ్ళీ విజిల్. అత్తారింటికీ పుట్టింటికీ మధ్య తిరిగే కొత్త కోడలిలా, గీతకూ గడికీ మధ్య తిరగడమే దాని ప్రాక్టీసైపోయింది. వ్యాయామం ఎంత బాగా జరిగేదో చూడండి! ఒక్క కోచే ఉంటే అంత పరుగు ఎక్కడిది?

ఒకరోజు ఏమైందంటే, మిరియం మూల గడిలో ఒంటరిగా నిలబడి ఉంది. చుట్టూ ఒక్క పురుగు లేదు. కళ్ళ డాక్టరుగారమ్మాయి కాలి దగ్గర బాల్ ఉంది. ఆ పిల్ల తలెత్తింది, మిరియాన్ని చూసింది, చక్కగా గురిచూసి తన్నింది. సరిగ్గా అప్పుడే మా వాడు, “నిలబడిపోకు! పరుగెత్తు!” అని కేక పెట్టాడు. పిల్ల పరుగెత్తింది. బాల్ ఖాళీ గడిలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని గీత దాటి వెళ్ళిపోయింది.

“చూశావా, ఆ అమ్మాయి పాస్ ఎంత చెత్తగా ఇచ్చిందో!” అన్నాడు మా వాడు.

పాస్ ఇచ్చిన పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దానికి తప్పు ఎక్కడ జరిగిందో తెలుసు. మిరియానికీ తెలుసు. కోచమ్మకూ తెలుసు. తెలియనిది గట్టిగా అరిచినవాడికి ఒక్కడికే. గురువన్నవాడు అట్లాగే ఉండాలి లెండి! తప్పు తనదని తెలిస్తే ఆ గొంతు అంత ధీమాగా లేస్తుందా?

ఇంటికి నడిచేదారంతా ప్రసంగం సాగింది. బేకరీ దగ్గర మొదలైంది, మందుల షాపు దాటినా కామా పడలేదు. “నువ్వు ఆటలో ఉండాలమ్మా. నిన్నెవరూ చూడకపోతే నువ్వున్నట్టు ఎలా తెలుస్తుంది? బాల్ ఎక్కడుంటే నువ్వక్కడుండాలి.” పిల్ల బూట్ల వంక చూస్తూ నడిచింది. ఇంటికొచ్చాక ముడిపడిపోయిన లేసులు విప్పుతూ నేను కింద కూర్చుంటే, నా తల మీదుగా ఎటో చూస్తూ అంది:

“నానమ్మా, నేనింక ఆడను.”

“ఏమే, దెబ్బ తగిలిందా?”

“తగల్లేదు.”

“ఎవరైనా ఏమన్నా అన్నారా?”

“అందరూ అంటున్నారు. అందుకే.”

ఆ పూట వంటింటి గచ్చు మీద చెంచాలు పేర్చలేదు. ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో! మా కోడలు పోపు మాడకుండా వేసింది. లాభాలు చెప్పుకోవాలి మరి.

ఇంతటి మేలును మా ఒక్క ఇంటికే పరిమితం చెయ్యడం న్యాయమా? ఫుట్‌బాల్‌తో ఎందుకు ఆగాలి? ఆపరేషన్ గది కిటికీ దగ్గర రోగి బంధువులందరినీ నిలబెట్టి, “కుడివైపు డాక్టరుగారూ! కొంచెం కింద! ఆ, అక్కడ కొయ్యండి!” అనిపిస్తే ఎంత బాగుంటుంది? విమానం నడిపేవాడి వెనకాల వాడి మేనమామలు నలుగురు కూర్చుని, “తిప్పరా! తిప్పరా! మబ్బొస్తోంది!” అంటే ప్రయాణికులకు ఎంత ధైర్యం! మా వాడు లిఫ్టు గుంటలో తల పెట్టినప్పుడు పైనుంచి అపార్ట్‌మెంట్ వాళ్ళందరూ వంగి, “ఆ బోల్టు కాదయ్యా, పక్కది!” అంటే? ఒకసారి ఎవరో అన్నారట కూడాను. ఆ రోజు వాడు స్పానర్ విసిరేసి ఇంటికొచ్చి, అన్నం కంచం ముందు, “పని చేసేవాణ్ణి చెయ్యనివ్వరే! వీళ్ళకేం తెలుసు?” అని చిందులు తొక్కాడు. అదేమిటో, వాడికా వరం విలువ తెలియలేదు.

సరే, మిరియం మాట మీద నిలబడింది. ఆ పై వారం ప్రాక్టీసుకు నేనే తీసుకెళ్ళాను. ఆడటానికి కాదు, అప్పగింతలకు. పసుపు బనియన్ చక్కగా మడతపెట్టి రెండు చేతులతో కోచమ్మకిచ్చింది.

“ఎందుకమ్మా?” అంది కోచమ్మ, గడ్డి మీద మోకాళ్ళూని దాని ఎత్తుకు వస్తూ.

“మీరేమో ఖాళీలో నిలబడమంటారు. నాన్నేమో నిలబడొద్దంటారు. ఇద్దరి మాటా వింటున్నా. అందుకే ఎవరిదీ సరిగ్గా చెయ్యలేకపోతున్నా.”

“మరి నీకేమనిపిస్తుంది?”

మిరియం బూటు మొనతో గడ్డిని గీకింది. “అది అనుకోడానికి టైమ్ దొరకట్లేదు,” అంది.

కోచమ్మ బనియన్ తీసుకుంది. “ఇంకొక్క ప్రాక్టీసుకు రా. ఆడొద్దు, ఊరికే రా. ఆ తర్వాత నీ ఇష్టం,” అంది. నా వైపు చూసి, “ఈసారి నాన్నగారిని కూడా తప్పకుండా రమ్మనండి,” అంది. వాడు రాకపోవడమా! పిలవని పేరంటానికే ముందుండేవాడు.

ఆ తర్వాతి ప్రాక్టీసు రోజు పిల్లలందరినీ గీత బయట నిలబెట్టి, కోచమ్మ గురువుల వైపు తిరిగి, “ఇవాళ పెద్దవాళ్ళు ఆడతారు,” అంది.

అబ్బ, ఆ ముఖాల్లో వెలుగు చూడాలి! ఎన్నాళ్ళకు ప్రతిభను గుర్తించారు! డ్రైవింగ్ స్కూలాయన ప్యాంటు చివర్లు సాక్సుల్లోకి దోపుకున్నాడు. కళ్ళ డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి భార్య చేతికిచ్చి, తర్వాత బాల్ ఎటుందో ఆవిణ్ణే అడిగారు. ఇన్సూరెన్స్ ఆయన ఒళ్ళు సాగదీస్తే మోకాలు టక్కుమని, అక్కడే కాసేపు కూర్చున్నారు. మా వాడు మాత్రం షర్టు చేతులు మడిచి, కూతురికేసి ‘ఇప్పుడు చూడు’ అన్నట్టు తలాడించాడు.

విజిల్ పడింది. పడీపడగానే గురువులందరూ ఒకే గడిలో ఉన్నారు! బెల్లం చుట్టూ ఈగలంటాం గానీ, ఈగలు నయమండీ, ఒకదాని కాలు ఒకటి తొక్కుకోవు. ఆ ఒక్క గడిలో సూది దూరనంత గుంపు. తక్కిన మైదానమంతా అద్దెకిచ్చుకునేంత ఖాళీ. కోచమ్మ విజిల్ వేసింది. విడిపోయారు. బాల్ కదిలింది. మళ్ళీ పోగయ్యారు.

“మేడమ్, గడులు చిన్నవైపోయాయి!” అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన ఆయాసపడుతూ.

“గడ్డి కూడా కోసినట్టు లేదు,” అన్నారు డాక్టరుగారు. గడ్డి ఆయనకెలా కనిపించిందో మరి! ఆడలేక మద్దెల ఓడన్నారు ఇందుకే.

కోచమ్మ గీత వైపు తిరిగి, “పిల్లలూ, వాళ్ళు ప్రతిసారీ మీకు సాయం చేస్తున్నారు కదా. ఇవాళ మీరు వాళ్ళకు చెయ్యండి,” అంది.

ఇక చూడండి! కట్ట తెగింది.

“అంకుల్, లెఫ్ట్! లెఫ్ట్!”

“రైట్ అంకుల్! అటు కాదు, మీ రైట్!”

“నాన్నా, వెనకాల చూసుకో! స్లో! లాగించు!”

“నిద్రపోతున్నారా అంకుల్!”

“అంత పెద్ద బాల్ కనపడట్లేదా డాడీ!”

పిల్లలకు ఇన్ని మాటలు ఎవరు నేర్పారో! గురువుల విద్య వృథా పోలేదని నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ గోలలో బాల్ దొర్లుకుంటూ మా వాడి కాళ్ళ దగ్గరికొచ్చింది. వాడు దాన్ని తొక్కిపట్టి నిలబడ్డాడు. ఎడమకు తిరిగాడు, “రైట్!” అన్నారు. కుడికి తిరిగాడు, “కొట్టండీ!” అన్నారు. కొట్టడానికి కాలెత్తాడు, “వద్దు వద్దు, పాస్!” అన్నారు. కాలు గాల్లోనే ఉండిపోయింది. ముఖం కందిపోయింది. నుదుటి చెమట కంట్లోకి దిగింది. అంత పెద్ద లిఫ్టులు తల మీద వేలాడుతుంటే బెదరనివాడు, బాల్ మీద కాలు పెట్టుకుని గీత వైపు తిరిగి, గొంతు పగిలేలా అరిచాడు:

“ఒక్క నిమిషం ఆగండర్రా! కాస్త చూసుకోనివ్వండి!”

పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

ఆ పిల్లలందరిలో ఒక్క మాటా అననిది మిరియమే. గీత మీద బొటనవేళ్ళు ఆనించి, చేతులు వెనక్కి పెట్టుకుని తండ్రినే చూస్తోంది. ఇప్పుడు మెల్లిగా అంది:

“నేనూ అదే చేస్తుంటాను నాన్నా. అక్కడ నిలబడి, చూసుకుంటుంటాను.”

మా వాడు కాలి కింది బాల్‌ను కోచమ్మ దగ్గరికి మెల్లిగా దొర్లించాడు. వాడి జన్మలో వాడిచ్చిన మొదటి పాస్ అదేననుకుంటాను. చక్కగానే వెళ్ళింది.

అంతే! ఒక మహత్తర వ్యవస్థ ఆ రోజుతో కూలిపోయింది. తర్వాతి ప్రాక్టీసుకు వెళ్ళేసరికి గీత బయట కూడా కోన్లున్నాయి. పిల్లలకున్నట్టే పెద్దలకూ గడులు! ఒక గడిలో ఒక్కరే. మాట వినపడేంత దగ్గర ఒక్క గడీ లేదు. కోచమ్మ ఎంత గడుసుదో చూడండి! డ్రైవింగ్ స్కూలాయన, “ఇదెక్కడి నో పార్కింగ్ అండీ!” అని అలిగి కాసేపు తన కారులోనే కూర్చున్నాడు. ఇన్సూరెన్స్ ఆయన తన గడి అంచు మీద నిలబడి కాలు మాత్రం పక్క గడిలో పెట్టారు. మా వాడిని ఎవరూ ఏమీ అనకముందే, తనంతట తను నడుచుకుంటూ పోయి, సైకిల్ స్టాండు పక్కనున్న చిట్టచివరి గడిలో నిలబడ్డాడు. అక్కణ్ణుంచి పిల్లలు చీమల్లా కనిపిస్తారు. ఏ చీమ మనదో కూడా తెలియదు.

మిరియం కోచమ్మ సంచీ దగ్గరికెళ్ళింది. సంచీలో చెయ్యి పెట్టి, పైనున్న పసుపు బనియన్ తీసి, తలమీంచి తొడుక్కుంది. ముందువైపు వెనక్కి వచ్చింది. సరిచేసుకోకుండానే పరుగెత్తింది.

ఆ రోజు మూల గడిలోకి వెళ్ళి చెయ్యెత్తింది. బాల్ వచ్చింది. తలెత్తి చూసింది. డాక్టరుగారమ్మాయికి ఇచ్చింది, ఇచ్చి ఎదురుగా ఉన్న ఖాళీలోకి పోయింది. గోలైందా? కాలేదు. ఎవరైనా చప్పట్లు కొట్టారా? లేదు. మా వాడు చూశాడా? వాడున్న చోటికి కాకులు తప్ప ఏమీ కనపడవు!

దాంతో ఇంటికెళ్ళేదారిలో వాడికి కొత్త చిక్కొచ్చి పడింది. మాట్లాడదామంటే చూసిందేమీ లేదు. చూడనిదాని మీద ప్రసంగం చెయ్యడం వాడికింకా చేతకాదు. బేకరీ దాకా గొంతు సవరించుకుంటూ నడిచాడు. చివరికి వేరే దారి లేక అడిగాడు:

“ఏం జరిగిందే ఇవాళ?”

అడగకూడని మాట అడిగేశాడు! ఆ పిల్ల మొదలుపెట్టింది. ఎవరు ఏ గడిలో ఉన్నారో, ఎవరు ఎటు చూశారో, ఖాళీ ఎలా తెరుచుకుందో, తను ఎందుకు కదలకుండా నిలబడిందో, ఎప్పుడు కదిలిందో. మందుల షాపు ముందు ఆగి, ఫుట్‌పాత్ మీద చాక్లెట్ కాగితాలూ అగ్గిపెట్టె మూతా పేర్చి మరీ చూపించింది. సిగ్నల్ పచ్చబడింది, ఎర్రబడింది, మళ్ళీ పచ్చబడింది. మా వాడు రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, “ఊఁ, తర్వాత?” అంటున్నాడు. వెనకాల నా మోకాళ్ళు పీకుతున్నాయని ఇద్దరిలో ఒక్కరికైనా పట్టిందా?

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, చేతులు జోడించి చెబుతున్నాను. అరుపు మానకండి! కోన్లకూ కోచమ్మలకూ లొంగిపోకండి! మా వాడి గతి చూశారుగా? కాస్త నోరు మూసుకున్న పాపానికి, ఇప్పుడు దారి పొడుగునా, బూట్లు విప్పేటప్పుడూ, స్నానాల గది తలుపు అవతల నుంచీ కూడా ఆ పిల్ల చెప్పేదంతా వింటూ నిలబడాల్సి వస్తోంది. మనం ఊరుకుంటే పిల్లలు మాట్లాడటం మొదలుపెడతారండీ. వాళ్ళు మాట్లాడటం మొదలుపెడితే, ఇక మనం ఎప్పుడు మాట్లాడతాం చెప్పండి?